944 ట్రాక్ ఇంజను: 2వ కాన్‌రాడ్ బేరింగుకు రేస్ షెల్స్ వేస్తే సరిపోతుందా?

ప్రశ్న: ఆస్టిన్_పార్థు

అందరికీ నమస్కారం. 1987 పోర్షే 944, టర్బో లేని 2.5 లీటర్ల ఇంజను. ఆస్టిన్ ట్రాక్‌లో 20 నిమిషాల సెషన్లు. టర్న్ 16 నుంచి 18 దాకా ఒకే మలుపులా సాగే చోట ఆయిల్ గేజ్ ముల్లు 4 బార్ నుంచి రెండున్నరకు పడి, బయటికొచ్చాక మళ్లీ లేస్తోంది. నిన్న ఫిల్టర్ కోసి చూస్తే కాగితం మడతల్లో అయస్కాంతానికి అంటని రాగి రంగు నలుసులు కొన్ని ఉన్నాయి. ఇంజనులో చప్పుడేమీ లేదు.

రాడ్ బేరింగులు, అంటే పిస్టన్ రాడ్‌కూ క్రాంక్‌కూ మధ్య ఉండే సగం గుండ్రటి లోహపు షెల్స్, మార్చాలని నిర్ణయించుకున్నాను. కోటింగ్ ఉన్న రేస్ షెల్స్ వేయాలా, మామూలువి చాలా? ఎక్స్ సైజు అంటారు, అది ఎప్పుడు వాడాలి? ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి ఏఆర్‌పీ కంపెనీ బలమైన రాడ్ బోల్టులు కూడా వేసేద్దామా? ఇంజను దించకుండా కింది నుంచే చేయవచ్చా?

జవాబు: క్రాంక్‌కేస్_సూరి

పార్థు గారూ, ముందు ఒక మాట: షెల్స్ చూసేదాకా ఆ బండిని ట్రాక్ మీదికి తీసుకెళ్లకండి. రాగి రంగు కనబడిందంటే పైనున్న మెత్తటి పొర అరిగిపోయి కింది రాగి–సీసం పొర లేస్తోందని అర్థం. పోటీ ఇంజన్ల షెల్స్ మీద ఆ మెత్తటి పొర మందం 0.013 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, అంతే. అది పోయాక క్రాంక్ జర్నల్‌కు (క్రాంక్ మీద బేరింగులో తిరిగే నునుపైన భాగం) గీతలు పడటానికి ఎంతోసేపు పట్టదు. ఈ దశలో చప్పుడు రాదు. వచ్చేసరికి క్రాంక్ గ్రైండింగుకో, చెత్తబుట్టకో పోయే స్థితిలో ఉంటుంది.

ఇక అసలు విషయం. 944లో ట్రాక్ మీద 2వ రాడ్ బేరింగే ముందు పోతుందన్నది ఎప్పటినుంచో తెలిసిన జబ్బు. దాన్ని షెల్ నాణ్యతతో నయం చేయలేం. పొడుగు మలుపులో సంప్‌లోని, అంటే ఇంజను అడుగు తొట్టిలోని, ఆయిల్ ఒక పక్కకు ఒరుగుతుంది. ఆయిల్‌ను పంపుకు అందించే పికప్ ట్యూబు నోరు గాలి పీల్చుతుంది. మిగిలిన ఆయిల్‌ను క్రాంక్ చిలికి నురగ చేస్తుంది. నురగతో కూడిన ఆయిల్ క్రాంక్ లోపలి రంధ్రాల్లోకి వెళ్లాక, తిరుగుడు వేగానికి బరువైన ఆయిల్ బయటికి, తేలికైన గాలి నడిమధ్యకు చేరతాయి. ఆ గాలి బుడగ దారికి అడ్డం పడితే అవతలి జర్నల్‌కు అందేది ఆయిల్ కాదు, తుంపరలు. గేజ్ ముల్లు కదిలేసరికే అక్కడ పొర తెగి ఉంటుంది. కాబట్టి మీ గేజ్ రెండున్నర చూపిస్తోందంటే 2వ రాడ్ దగ్గర పరిస్థితి అంతకన్నా అధ్వానమని అనుకోండి.

డబ్బు పెట్టే వరుస నా లెక్కలో ఇది: సంప్‌లో తలుపులున్న బాఫిల్ (ఆయిల్ ఒరగకుండా ఆపే అడ్డుగోడ), క్రాంక్ స్క్రేపర్ (క్రాంక్ మీది ఆయిల్‌ను గీకే రేకు), పికప్ ట్యూబు బలోపేతం, వీలైతే అక్యూసంప్ (ప్రెజర్‌తో అదనపు ఆయిల్ నిల్వ ఉంచే సీసా), ఆ తర్వాతే ఖరీదైన షెల్స్. పికప్ ట్యూబు వెల్డింగు దగ్గర వెంట్రుక పగులు ఉందేమో వెలుతురులో తిప్పి చూడండి. లేకపోయినా ఒక పట్టీ వెల్డ్ చేయించండి. అక్కడ పగులుంటే పంపు ఆయిల్‌తోపాటు గాలినీ లాగుతుంది. అప్పుడు బాఫిల్ ఎంత మంచిదైనా ఏం చేయగలదు?

ఇంకోటి, ఆయిల్‌లో నీళ్ల జాడ చూశారా? 944లో ఆయిల్ కూలర్ ఇంజను పక్కనే, కూలెంట్‌లో మునిగి ఉంటుంది. దాని సీళ్లు పోతే రెండూ కలుస్తాయి, బేరింగులకు అంతకన్నా విషం లేదు. కూలెంట్ ట్యాంకులో గోధుమ రంగు మీగడలాంటిది తేలుతుంటే షెల్స్ కన్నా ముందు ఆ సీళ్ల పని చూడాలి. అది విప్పినప్పుడే ఆయిల్ ప్రెజర్ రిలీఫ్ వాల్వ్ కూడా తీసి, పిస్టన్ ఇరుక్కోకుండా జారుతోందో లేదో చూసుకోండి. పాత మూడు ముక్కల వాల్వ్ ఉంటే తర్వాత వచ్చిన ఒకే ముక్క వాల్వ్ వేయడం మంచిది.

జవాబు: మైక్రోమీటర్_భాను

సూరి గారు చెప్పిన వరుసతో ఏకీభవిస్తాను. షెల్స్, క్లియరెన్స్ (జర్నల్‌కూ షెల్‌కూ మధ్య ఆయిల్ నిలిచే సందు) సంగతి నేను చెబుతాను. కొలతలన్నీ మి.మీ.లలో.

944 రాడ్ జర్నల్ 52 మి.మీ. (కొత్తది 51.971 నుంచి 51.990). ఫ్యాక్టరీ క్లియరెన్స్ 0.034 నుంచి 0.092 దాకా, చాలా వెడల్పైన హద్దు. అందులో ఎక్కడ నిలబడతామన్నదే ట్రాక్ ఇంజనుకు ముఖ్యం. పాత లెక్క ప్రకారం జర్నల్ ప్రతి అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు, పోటీ ఇంజనుకు దాని మీద ఇంకో అర వెయ్యో వంతు. 52 మి.మీ.కు అది 0.052, అరతో కలిపి 0.065. నేనైతే 0.050–0.065 మధ్య ఉంచుతాను. అంతకన్నా బిగువైతే ఆయిల్ ప్రవాహం తగ్గి బేరింగు వేడెక్కుతుంది. మరీ వదులైతే పక్కలనుంచి కారిపోయి మొత్తం ప్రెజరే పడిపోతుంది.

ఎక్స్ సైజు షెల్ గోడ మామూలు దానికన్నా 0.0127 పల్చగా ఉంటుంది. జత వేస్తే క్లియరెన్స్ 0.025 పెరుగుతుంది, ఒక ఎక్స్, ఒక మామూలు కలిపితే 0.0127 పెరుగుతుంది. ఉదాహరణకు మామూలు షెల్స్‌తో కొలత 0.038 వస్తే, ఒక్క ఎక్స్‌తో 0.051 అవుతుంది, అక్కడే ఆగండి. కొలవకుండా "రేసింగు కదా" అని నాలుగు రాడ్లకూ ఎక్స్ జతలు వేయడం తప్పు. మీ ఇంజనుకు ఆ సైజు దొరుకుతుందో లేదో కొనేముందు పార్ట్ నంబరుతో చూసుకోండి.

కోటింగ్ పొర ఒక్కో షెల్ మీద సుమారు 0.008. తయారీదారు గోడను ఆ మేరకు తగ్గించకపోతే జతకు 0.016 క్లియరెన్స్ తినేస్తుంది. స్టార్టింగులోనూ, ఆయిల్ ఒక్క క్షణం అందనప్పుడూ కోటింగ్ కాపాడుతుంది. ప్రతి ల్యాపులో అదే మలుపులో గాలి తాగే ఇంజనును అది కాపాడలేదు. కోటింగ్ ఉన్నదాన్ని స్కాచ్ బ్రైట్‌తో రుద్దకండి, గుడ్డతో తుడిస్తే చాలు.

ఏఆర్‌పీ బోల్టుల దగ్గర చాలామంది పొరపడతారు. 944 రాడ్‌లో బోల్టు ప్రెస్ చేసి దించినది, నట్టే విప్పుతాం. బోల్టు మారితే బిగింపు బలం మారుతుంది, దానితో బిగ్ ఎండ్ (క్రాంక్‌ను పట్టే రాడ్ చివర) రంధ్రం గుండ్రదనమూ మారుతుంది. కొత్త బోల్టులు బిగించి, షెల్ లేకుండా బోర్ గేజ్‌తో కొలిచి, అవసరమైతే హోనింగ్ (రంధ్రాన్ని సానబెట్టి గుండ్రంగా చేయడం) చేయించాలి. లేకపోతే షెల్ వీపుకు సరైన ఒత్తిడి అందదు. షెల్‌ను కదలకుండా పట్టేది ఆ ఒత్తిడే. పక్కనున్న చిన్న నాలుక బిగించేటప్పుడు చోటు చూపడానికే. పాత షెల్స్ వీపు మీద నల్లటి మచ్చలు కనబడితే అది కదిలిన గుర్తు.

వేగం సంగతి కూడా చూడండి. రాడ్ మీద జడత్వ బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 5500 నుంచి 6500కు పోతే దాదాపు 40 శాతం ఎక్కువ. మార్జిన్ కావాలంటే 300 ఆర్‌పీఎం ముందే గేర్ మార్చడం ఏ పార్టూ కొనకుండా దొరికే లాభం.

మళ్లీ: ఆస్టిన్_పార్థు

చాలా కృతజ్ఞతలు. కూలెంట్ శుభ్రంగానే ఉంది. అయితే ఏఆర్‌పీ వదిలేసి, ఫ్యాక్టరీ బోల్టులతోనే కింది నుంచి చేయాలనుకుంటున్నాను. దానికి పద్ధతి ఎలా?

జవాబు: లిఫ్ట్_కింద_రమణ

అవుతుంది పార్థు గారూ, ఓపిక కావాలి. ఇంజనును పైనుంచి బార్‌తో వేలాడదీసి, మౌంట్లు విప్పి, స్టీరింగ్ ర్యాక్, ముందు క్రాస్‌మెంబర్ దించితేనే సంప్ బయటికొస్తుంది. మెయిన్ బేరింగులు (క్రాంక్‌ను బ్లాకులో పట్టేవి) మాత్రం ఇలా మార్చలేరు. వాటి కింది సగం మొత్తం ఒకే గర్డిల్ (చట్రం), దాన్ని తీయాలంటే ఇంజను దించాలి.

క్రాంక్‌ను ముందున్న 24 సైజు బోల్టుతో గడియారం దిశలోనే తిప్పండి. వెనక్కి తిప్పితే టైమింగ్ బెల్టు పంటి తప్పవచ్చు, ఈ ఇంజనులో వాల్వు పిస్టన్‌కు తగులుతుంది. 1, 4 కిందికి వచ్చినప్పుడు ఆ రెండూ, తర్వాత 2, 3. క్యాప్ (బిగ్ ఎండ్ కింది సగం) విప్పేముందు రాడ్‌కూ క్యాప్‌కూ ఉన్న నంబర్లు సరిపోతున్నాయా చూసి, దిశ గుర్తుపెట్టండి. ఏ క్యాప్ ఆ రాడ్‌కే. బోల్టు మరలకు రబ్బరు గొట్టం ముక్కలు తొడగండి. రాడ్ పైకి నెట్టేటప్పుడు మర జర్నల్‌కు తగిలి గీత పడిందంటే చేసిన పనంతా వృథా.

జర్నల్‌ను రెండు దిక్కులా, రెండు చివరలా మైక్రోమీటర్‌తో కొలవండి. తేడా 0.01 దాటితే, లేదా గోటికి తగిలే గీత ఉంటే ఇక్కడితో ఆపి ఇంజను దించండి. అలాంటి జర్నల్ మీద కొత్త షెల్స్ నిలవవు. క్లియరెన్స్‌కు ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పును బట్టి సందు చూపే మెత్తటి దారం) ఆకుపచ్చది వాడండి, 0.025 నుంచి 0.076 దాకా చూపిస్తుంది. జర్నల్, షెల్ రెండూ ఆరినట్టు తుడిచి, బిగించాక క్రాంక్ కదపకుండా విప్పాలి. అది భాను గారి బోర్ గేజ్ అంత కచ్చితం కాదు. 0.035 దగ్గరి కొలత వస్తే మాత్రం ఉన్నదే అని నమ్మి, ఎక్స్ షెల్ గురించి ఆలోచించండి.

చివరి బిగింపుకు కొత్త నట్లే, మరలకు ఆయిల్ రాసి 75 న్యూటన్ మీటర్లు. షెల్ వీపు, రాడ్ రంధ్రం పొడిగా ఉండాలి. అసెంబ్లీ లూబ్ షెల్ లోపలి ముఖానికి మాత్రమే. ప్రతి రాడ్ బిగించాక క్రాంక్ పూర్తిగా ఒక చుట్టు తిప్పండి. ఎక్కడైనా బరువుగా పట్టేస్తే చివరిగా బిగించిన రాడ్‌నే విప్పి చూడాలి.

తీసిన షెల్స్ వరుస తప్పకుండా, పైది పైది, కిందిది కిందిది అని ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. నాలుగూ సమానంగా అరిగితే వయసు. 2 మాత్రమే రాగి తేలితే ఆయిల్ కొరత. ఒక అంచునే అరిగితే రాడ్ వంగినట్టో, జర్నల్ వాలినట్టో.

జవాబు: క్రాంక్‌కేస్_సూరి

రమణ గారు చెప్పినదానికి రెండు కలుపుతాను. సంప్ మూసేముందు బాఫిల్ తలుపులు చేత్తో తోసి, పికప్ వైపుకే తెరుచుకుంటున్నాయా చూడండి. తిరగేసి బిగిస్తే మలుపులో ఆయిల్‌ను బయటే ఆపేస్తాయి.

ఆయిల్ 20డబ్ల్యూ-50, జింక్ తగినంత ఉన్నది. ట్రాక్‌కు గరిష్ఠ గీత మీద అర లీటరు అదనం పోయడం ఈ బండ్లలో మామూలే. లీటరు పోయకండి, క్రాంక్ దాన్ని చిలికి మళ్లీ నురగే చేస్తుంది.

మొదటి స్టార్టింగుకు స్పార్క్ ప్లగ్గులు తీసి, డీఎంఈ రిలే (ఇంజను కంప్యూటరుకు, పెట్రోలు పంపుకు కరెంటు ఇచ్చేది) పీకి, స్టార్టర్‌ను పది పది సెకన్లు తిప్పుతూ గేజ్ ముల్లు లేచేదాకా ఆగండి. తర్వాతే ప్లగ్గులు, రిలే పెట్టి స్టార్ట్ చేయండి. అక్యూసంప్ పెట్టాక అయితే దాని వాల్వ్ తెరిచి ముందే ఆయిల్ నింపవచ్చు. ఇంజను ఆపేముందు, ప్రెజర్ ఉండగానే ఆ వాల్వ్ మూయడం అలవాటు చేసుకోండి. మొదటి సెషన్ కాగానే ఫిల్టర్ కోసి చూసి, ఆ ఆయిల్ నమూనా ల్యాబుకు పంపండి. సీసం, రాగి, తగరం అంకెలు రాసి ఉంచుకుంటే తర్వాతి సెషన్ల అంకెలను వాటితో పోల్చుకోవచ్చు.