పాత పెట్రోలు స్టవ్వు మూతలో సేఫ్టీ వాల్వు: మార్చాలా, ముట్టుకోకూడదా?

నీలిమంట
మా మామయ్య వాడిన స్వెయా 123 ఇత్తడి స్టవ్వు నా చేతికొచ్చింది. ట్యాంకుకి సొట్టల్లేవు, బర్నరు శుభ్రంగా ఉంది, మంటని తిప్పే తాళంచెవి కూడా గొలుసుతో సహా ఉంది. ట్యాంకు మూత లోపల స్ప్రింగుతో ఉండే సేఫ్టీ వాల్వు (ఒత్తిడి మితిమీరితే తెరుచుకునేది) మాత్రం మొదట్నుంచీ ఉన్నదే. దాని రబ్బరు బిళ్ళ ఈపాటికి గట్టిపడి ఉంటుంది, మార్చమని ఒకరు చెప్పారు. అసలు విప్పొద్దని ఇంకొకరన్నారు. చలికాలంలో కొండల మీదికి తీసుకెళ్ళాలని ఉంది. ఏం చేయమంటారు?

ఇత్తడిపంపు
ముట్టుకోకండి. ఈ రకం స్టవ్వు 1955 నుంచి ఉంది. సరిగ్గా వాడేవాళ్ళకి ఆ వాల్వుతో పని పడదు. ట్యాంకు ముప్పావు వంతుకి మించి నింపొద్దు. గాలికి అడ్డం పెట్టే రేకుని ట్యాంకు చుట్టూ బిగించొద్దు. మంట వేడిని కిందికి తిప్పికొట్టేంత వెడల్పాటి గిన్నె పెట్టొద్దు. మధ్యమధ్య ట్యాంకు మీద చెయ్యి ఆనించి చూడండి, చెయ్యి నిలవనంత వేడెక్కితే ఆపేయండి. ఇంతే.

స్ప్రింగుని కదిలించారంటే ఫ్యాక్టరీలో పెట్టిన బిగువు పోతుంది, మళ్ళీ అదే బిగువు మీరు తేలేరు. అనుమానం ఉంటే ఒక పరీక్ష ఉంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, వాసన పోయేదాకా ఆరబెట్టి, మూత బిగించి వేడినీళ్ళలో ముంచండి. బుడగలు రాకపోతే వాల్వు బాగున్నట్టే.

గుడారం
గ్యాస్ డబ్బా స్టవ్వు కొనుక్కుంటే ఈ తలనొప్పి ఉండదు కదండీ.

కొండదారి
ఇత్తడిపంపు గారూ, మీరు చెప్పిన జాగ్రత్తలన్నీ సరైనవే. ఆ పరీక్ష గురించి అన్నది మాత్రం తప్పు, అందులోనూ ప్రమాదకరమైన తప్పు. బుడగలు రాలేదంటే కారడం లేదని అర్థం. అవసరమైనప్పుడు వాల్వు తెరుచుకుంటుందని కాదు. ఏళ్ళు గడిచిన రబ్బరు ఇత్తడికి అతుక్కుపోయి ఉన్నా బుడగలు రావు.

పైగా లెక్క చూడండి. మూసిన ట్యాంకులో గాలిని 20 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు వేడిచేస్తే లోపలి ఒత్తిడి పెరిగేది సుమారు 20 శాతం. అంత తక్కువ ఒత్తిడికి మంచి వాల్వు కూడా తెరుచుకోదు, తెరుచుకోకూడదు కూడా. అసలు ఒత్తిడి వచ్చేది పెట్రోలు ఆవిరి నుంచి. అది మీ నీళ్ళ పరీక్షలో లేనే లేదు.

నీలిమంట గారూ, కొత్త రబ్బరు ఉన్న మూత తెప్పించుకోండి. విటాన్ లాంటి పెట్రోలుని తట్టుకునే రబ్బరై ఉండాలి. పాత మూతని విప్పకుండా దాచుకోండి. స్ప్రింగు బిగువు గొడవ కూడా రాదు.

చలిగాలి
గుడారం గారికి: నీలిమంట గారు చలికాలం అన్నారు. మామూలు బ్యూటేన్ -0.5 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంతకన్నా చలిలో డబ్బా నిండుగా ఉన్నా మంట రాదు. ఐసోబ్యూటేన్ సుమారు -12 దాకా నయం. ప్రొపేన్ కలిపినవి ఇంకొంచెం నయం, కానీ డబ్బా ఖాళీ అయ్యేకొద్దీ అవీ నీరసిస్తాయి. ద్రవ ఇంధనం స్టవ్వులు ఇంకా బతికున్నది ఇందుకే.

ఇత్తడిపంపు
ఈ బుడగల పరీక్షని ఎన్నో ఏళ్ళుగా ఎంతోమంది చేస్తున్నారు. కాగితం మీద లెక్కలు వేసి దాన్ని కొట్టిపారేస్తే ఎలా? 1892లో లిండ్‌క్విస్ట్ తయారుచేసిన ప్రైమస్ స్టవ్వుని 1911లో అముండ్సెన్ బృందం దక్షిణ ధ్రువానికి తీసుకెళ్ళింది. 1953లో ఎవరెస్టు మీదా అదే మంట. వాళ్ళెవరూ విటాన్ కోసం ఆగలేదు.

కొండదారి
అవి కిరసనాయిలు పంపు స్టవ్వులు. వాటి మూతలో సేఫ్టీ వాల్వే ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. ఒత్తిడి మీరు కొట్టిన గాలిది. గాలి స్క్రూ వదులు చేస్తే ఒత్తిడి దిగిపోయి మంట ఆరిపోతుంది. స్వెయా 123కి పంపు లేదు. బర్నరు వేడే ట్యాంకులో ఒత్తిడి పుట్టిస్తుంది, ఆ ఒత్తిడే బర్నరుకి పెట్రోలు పంపుతుంది. ట్యాంకు వేడెక్కితే మంట పెరుగుతుంది, మంట పెరిగితే ట్యాంకు ఇంకా వేడెక్కుతుంది. ఈ చక్రాన్ని ఆపడానికి ఉన్నవి రెండే: మీ చెయ్యి, ఆ వాల్వు. మీరు రెండోదాన్ని లేనట్టే లెక్కేస్తున్నారు.

ఇత్తడిపంపు
నేను పంపు స్టవ్వు మీదే వంట నేర్చుకున్నవాణ్ణి. పిన్ను కొట్టడం, తోలు వాషరుకి నూనె పట్టించడం, గాలి ఎప్పుడు తీయాలో మంట చప్పుడు విని చెప్పడం నాకు ఒకరు నేర్పక్కర్లేదు.

పిన్నుపుల్ల
నీలిమంట గారూ, ఇంధనం గురించి ఎవరూ చెప్పలేదు. బంకు పెట్రోలులో ఉండే రసాయనాలు ట్యాంకులోని వత్తి మీద, జెట్ రంధ్రంలో జిగురులా పేరుకుంటాయి. వైట్ గ్యాస్ (ఆ రసాయనాలు కలపని, స్టవ్వుల కోసం శుద్ధిచేసిన పెట్రోలు) దొరికితే అదే వాడండి. కిరసనాయిలు ఇందులో పొయ్యొద్దు, పొగా మసీ తప్ప మంట రాదు. పెట్రోలుని పంపు స్టవ్వులో పోయడం ఇంకా పెద్ద ప్రమాదం. స్టవ్వు పూర్తిగా చల్లారకుండా మూత విప్పొద్దు.

ఇత్తడిపంపు
కొండదారి గారికి ఒకటి చెప్పాలి. మీలాంటి మాటలు నాకు కొత్త కాదు. ఒకసారి ఒక ట్రెక్కింగు బృందంతో బయల్దేరితే, నాయకుడు నా స్టవ్వు చూడగానే "బాంబు" అన్నాడు. అందరి ముందు సంచిలోంచి తీయించాడు. వెలిగించి చూపిస్తానన్నా వినలేదు, ఎలా చూసుకుంటానని ఒక్క మాట అడగలేదు. నా చేత్తో రుద్ది, ప్రతి భాగమూ కడిగి పెట్టుకున్న వస్తువది. స్టవ్వు పట్టడం రానివాళ్ళు భయపడితే, పట్టడం వచ్చినవాళ్ళు తలొంచుకోవాలా?

కొండదారి
మీకు జరిగింది అవమానమే. మీతో కనీసం మాట్లాడి ఉండాల్సింది. నాకు జరిగింది కూడా వినండి. ఒక స్నేహితుడు ఇదే రకం స్టవ్వు వెలిగించాడు, నేను పక్కన కూర్చున్నాను. గాలి ఎక్కువగా ఉందని చుట్టూ రాళ్ళు పేర్చాడు. కాసేపటికి మూతలోంచి మూరెడు మంట పక్కకి చిమ్మింది. నా ముంజేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

ఇత్తడిపంపు
అయితే వాల్వు తెరుచుకున్నట్టే కదా! పాత రబ్బరే అయినా తన పని చేసింది. తప్పు రాళ్ళు పేర్చినవాడిది.

కొండదారి
తెరుచుకుంది. మళ్ళీ మూసుకోలేదు. ఒత్తిడి తగ్గగానే స్ప్రింగు దాన్ని మూసేయాలి. గట్టిపడ్డ రబ్బరు సరిగ్గా ఆనక, పెట్రోలు అయిపోయేదాకా మండుతూనే ఉంది. సరే, రాళ్ళు పేర్చడం అతని తప్పే అనుకుందాం. కాలింది మాత్రం నా చెయ్యి. ఆ మూతలో ఏముందో, అది ఎవరివైపు తిరిగుందో నాకు ఒక్కరూ చెప్పలేదు. చెప్పుంటే అక్కడ కూర్చునేవాణ్ణి కాదు. మీ నేర్పుని నేను ఎప్పుడూ కాదనలేదు సార్. మీ నేర్పు మీద నమ్మకంతో మీ పక్కన కూర్చునేవాళ్ళని మీరు అడుగుతున్నారా, అదీ నా ప్రశ్న.

చలిగాలి
ఇన్ని పోస్టుల తర్వాత అసలు సంగతి బయటికొచ్చింది.

ఇత్తడిపంపు
అడగలేదు. ఎవరైనా అడుగుతారని కూడా నాకు తెలీదు. కానీ మీ దారిలో వెళ్తే చివరికి ప్రతి పాత స్టవ్వూ అద్దాల బీరువాలో కూర్చుంటుంది. ఒక భాగం, తర్వాత ఇంకో భాగం మార్చుకుంటూ పోతే మా నాన్న ముట్టుకున్నది అందులో ఏం మిగులుతుంది? నేను ఒక్కణ్ణే వెళ్ళినప్పుడు పాత మూతతోనే వెళ్తాను, ట్యాంకు మీద చెయ్యి పెట్టుకుని. అది నా ఇష్టం. నలుగురితో వెళ్ళాల్సి వస్తే పంపు స్టవ్వు పట్టుకెళ్తాను.

కొండదారి
ఒక్కరే వెళ్ళినప్పుడు మీ ఇష్టమే, అందులో నాకు పేచీ లేదు.

నీలిమంట
నాతో మా అక్క కూతురు వస్తోంది. దానికి పద్నాలుగేళ్ళు. కొత్త మూత ఇవాళే తెప్పిస్తున్నాను. మామయ్య మూత డబ్బాలో దాస్తాను. ఇత్తడిపంపు గారూ, వెలిగించేటప్పుడు మూతని ఎటు తిప్పి పెట్టాలి?

ఇత్తడిపంపు
మనుషులు లేనివైపు, గుడారం లేనివైపు, సంచులు లేనివైపు. ముందు మూత ఎటుందో చూసుకుని, తర్వాతే పాపకి కూర్చునే చోటు చూపించండి. బర్నరుని ముందుగా వేడిచేయడానికి ట్యాంకు మీద గుంటలో మండించే స్పిరిట్ దాదాపు ఆరబోతుండగా తాళంచెవి తిప్పండి. కొత్త మూత వేశాను కదా అని చెయ్యి ఆనించి చూడడం మానొద్దు.

కొండదారి
గుడారం లోపల మాత్రం ఎంత చలిగా ఉన్నా వెలిగించొద్దు. మంట ఒక ఎత్తు, కార్బన్ మోనాక్సైడు ఇంకో ఎత్తు. దానికి వాసన ఉండదు.