చెత్తతో నిజంగా డబ్బులొస్తాయా, లేక మెషిన్ అమ్మేవాళ్ళకే వస్తాయా?

కొత్త_సెక్రటరీ:
అందరికీ నమస్తే. మాది పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్, ఈసారి అసోసియేషన్ పని నా నెత్తిన పడింది. ఇప్పటిదాకా తడీ పొడీ అంతా ఒకే డబ్బాలో పడి బండెక్కి పోతోంది. మొన్న ఒకతను వచ్చి మెషిన్ చూపించాడు, తడి చెత్త వేస్తే 24 గంటల్లో కంపోస్ట్ రెడీ, అది అమ్ముకుంటే పెట్టిన డబ్బు తిరిగొచ్చేస్తుంది అంటాడు. కమిటీలో సగం మంది సంతకానికి రెడీగా ఉన్నారు, నాకే నమ్మకం కుదరట్లేదు. చెత్తలో ఆదాయం ఉందా అసలు, ఉంటే ఎందులో ఉంది? ఈ పని చేసినవాళ్ళు కాస్త చెప్పండి.

మట్టివాసన:
సంతకం ఆపండి ముందు. 24 గంటల్లో కంపోస్ట్ అవ్వదండి. ఆ మెషిన్లు చాలావరకు చేసేది ఏంటంటే చెత్తని నలిపి, వేడి చేసి, ఆరబెట్టడం. బయటికొచ్చింది చూడ్డానికి ఎరువులాగే ఉంటుంది, కొంచెం నీళ్ళు చల్లి ఒక బకెట్‌లో మూతపెట్టి చూడండి, మళ్ళీ కుళ్ళడం మొదలెట్టి కంపు కొడుతుంది. పచ్చిది అలాగే మొక్కకి వేస్తే వేళ్ళు దెబ్బతింటాయి. కరెంటు బిల్లు సంగతి అతను చెప్పి ఉండడు లెండి.
మామూలు పద్ధతిలో 2, 3 నెలలు పడుతుంది, కానీ ఖర్చు తక్కువ. ఒక పొర తడి చెత్త, దాని మీద ఎండుటాకులో రంపపు పొట్టో, వారానికోసారి తిరగెయ్యడం, అంతే. కుప్ప బాగా నడుస్తుంటే కొన్ని రోజుల్లోనే లోపల 55-65 డిగ్రీలకి వెళ్తుంది, చెయ్యి పెట్టలేరు, ఆ వేడికే రోగాల క్రిములు, కలుపు విత్తనాలు చస్తాయి. పిడికిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, కారిపోతుంటే తడి ఎక్కువైనట్టు, ఎండు సరుకు కలపండి. వాసన వచ్చిందంటే గాలి ఆడట్లేదనే.
అమ్మకం గురించి మాత్రం ఆశ పెట్టుకోకండి, బరువెక్కువ, రేటు తక్కువ, దూరం తీసుకెళ్తే రవాణాకే సరి.

పాతఇనుము:
నేను స్క్రాప్ లైన్‌లో ఉన్నా. డబ్బు పొడి చెత్తలో ఉంది, కానీ తడి తగలనంతవరకే. అట్టపెట్టె మీద కూర పడిందా, అది ఇక చెత్తే. అల్యూమినియం డబ్బాలకి కిలో లెక్కన ఎప్పుడూ మంచి రేటే, ఎందుకంటే ఖనిజం నుంచి తీసేదాంతో పోలిస్తే కరిగించి మళ్ళీ వాడితే 95 శాతం దాకా కరెంటు మిగులుతుంది, అందుకే కొనేవాడు వెతుక్కుంటూ వస్తాడు. గాజు బరువే గానీ చేతికొచ్చేది తక్కువ. ప్లాస్టిక్ అయితే కింద త్రికోణంలో నంబర్ చూడండి, 1 అంటే పెట్ (నీళ్ళ సీసాల ప్లాస్టిక్), 2 అంటే హెచ్‌డీపీఈ (షాంపూ సీసాల టైపు గట్టి ప్లాస్టిక్), ఈ రెండూ బాగా పోతాయి. 3 పీవీసీ (పైపుల ప్లాస్టిక్), అది పెట్‌లో కలిసిందంటే కరిగించేటప్పుడు ఆసిడ్ వదిలి మొత్తం సరుకుని పాడు చేస్తుంది, అందుకే కలిపి తెస్తే మేం రేటు కోసేస్తాం. ఇక చిప్స్ ప్యాకెట్ల టైపు, ప్లాస్టిక్ మీద వెండిలా మెరిసే అల్యూమినియం పూత ఉన్నవి, ఎవరూ కొనరు, మహా అయితే సిమెంట్ బట్టీలకి ఇంధనంగా పోతాయి, దానికీ మీరే ఎదురు డబ్బులివ్వాల్సి రావచ్చు.

కొత్త_సెక్రటరీ:
అయితే మెషిన్ క్యాన్సిల్. మరి అన్నీ కలిపి తగలబెట్టి కరెంటు తీస్తారంటారు కదా, అది?

వార్డుమనిషి:
అది కాంప్లెక్స్ స్థాయి పని కాదు, తడి ఎక్కువున్న చెత్త సరిగ్గా మండదు కూడా, బోలెడంత వేడి ఆ నీళ్ళు ఆవిరవ్వడానికే పోతుంది. మిగతా ఇద్దరితో ఒక్క విషయంలో ఒప్పుకోను. మీరంతా అమ్మితే ఎంత అనే లెక్క వేస్తున్నారు. అసలు లెక్క బండి ఎక్కనిది ఎంత అన్నది. ఇళ్ళ చెత్తలో చాలాచోట్ల సగానికి దగ్గరగా తడిదే, అది అక్కడే ఎరువైపోతే మోసే బరువు తగ్గుతుంది, డంప్ యార్డ్‌లో గాలి ఆడకుండా కుళ్ళి మీథేన్ అనే మండే గ్యాస్ వదిలేది తగ్గుతుంది (అక్కడ మంటలు అంటుకుని ఆరకపోవడానికి అదీ ఒక కారణం). బ్రెజిల్‌లో కురితిబా అనే ఊళ్ళో 1990ల మొదట్లోనే, జనం వేరుచేసిన చెత్త తెస్తే డబ్బులు కాకుండా కూరగాయలు ఇచ్చారు, అంటే లెక్క అమ్మకం డబ్బుల్లోనే ఉండదన్నమాట.
సెక్రటరీ గారూ, పొడి చెత్త డబ్బు అసోసియేషన్ ఖాతాలో వెయ్యకండి, రోజూ వేరుచేసేవాళ్ళకే వదిలెయ్యండి. వాళ్ళకి దాంట్లో లాభం ఉంటే ఏ ఫ్లాటు కలిపి పడేస్తుందో వాళ్ళే పట్టుకుంటారు, మీరు నోటీసులు అంటించక్కర్లేదు. గ్లవ్స్ మాత్రం మీరే కొనివ్వండి, డైపర్లు, ప్యాడ్లు, బ్లేడ్లు కాగితంలో చుట్టి విడిగా ఇమ్మని ప్రతి ఇంటికీ చెప్పండి.

మట్టివాసన:
+1. ఎండుటాకులు ఇప్పట్నుంచే గోనెసంచుల్లో పోగెయ్యండి, వానలు మొదలయ్యాక దొరకవు.