కొత్తవలస స్టేషన్: జంక్షన్ అయ్యాక పెరిగిందా, తగ్గిందా?

పెందుర్తి పాస్‌హోల్డర్
చాలా ఏళ్ల తర్వాత నిన్న వైజాగ్ నుంచి కొత్తవలసకి ప్యాసింజర్‌లో వెళ్లాను. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరానికి గంటన్నర పట్టింది. సింహాచలం దాటాక ఓసారి, పెందుర్తి దగ్గర ఇంకోసారి ఆపేశారు. పక్క లైన్లో గూడ్స్ బళ్లు మాత్రం ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. తీరా దిగి చూస్తే ప్లాట్‌ఫాం మీద నాతో కలిపి ఇరవై మంది లేరు. మా చిన్నప్పుడు అక్కడ దిగడమంటే గుమ్మం దగ్గర కుస్తీనే. స్టేషన్ మూతపడిందనడానికి లేదు, పట్టాలకి క్షణం తీరిక లేదు. మరి జనం ఏమయ్యారు? తెలిసినవాళ్లు చెప్పండి.

కేకే లైన్ పెద్దాయన
బాబూ, నేను ఈ లైన్లో పనిచేసి రిటైరైనవాణ్ని. 1890ల్లో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసిన మద్రాసు-కలకత్తా దారిలో కొత్తవలస ఒక మామూలు ఊరు. 1960ల్లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని మన పోర్టుకి తెచ్చి జపాన్‌కి ఎగుమతి చేయడానికి కొత్తవలస-కిరండూల్ లైన్, అదే కేకే లైన్, వేశారు. అది మెయిన్ లైన్‌లో కలిసేది ఇక్కడే కాబట్టి ఊరు జంక్షన్ అయింది. 58 సొరంగాలు తొలిచి, శిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకి పట్టాలు ఎక్కించింది మనం అరకు చూసొస్తామని కాదు, ఖనిజం కోసం. ప్యాసింజర్ బండి తర్వాత వచ్చిన చుట్టం. చుట్టానికి ముందు గదిలో చాప వేస్తారు గానీ ఇంటి తాళాలు ఇవ్వరు కదా!

కంట్రోల్ నుంచి ఫోన్ రాగానే ప్యాసింజర్‌ని లూప్‌లోకి, అంటే స్టేషన్‌లో పక్క లైన్లోకి, తీసి నిలబెట్టడం మాకు రోజూ ఉన్న పనే. కిటికీల్లోంచి తిట్లు పడేవి, పడేవాళ్లం. ఘాట్ దిగొచ్చే లోడు బండిని మధ్యలో ఆపి మళ్లీ కదపడం ఎంత పనో లోకో పైలట్ల దగ్గర వినాలి. పది రూపాయల టికెట్ వాళ్లు ఆగితే నష్టం ఎవరికీ కనపడదు, ఖనిజం ఆగితే అందరికీ కనపడుతుంది.

మర్రిపాలెం లక్ష్మి
మా అమ్మమ్మగారిది కేకే లైన్లోని ఎస్.కోట (శృంగవరపుకోట). సెలవులొస్తే పొద్దున్నే కిరండూల్ ప్యాసింజర్. కొత్తవలసలో బండి ఎంతసేపు ఆగినా మాకు విసుగొచ్చేది కాదు, చూడ్డానికి అన్ని ఉండేవి. ఎదురు ప్లాట్‌ఫాం మీద వైజాగ్ వెళ్లే బండి కోసం పాలవాళ్లు వరసగా నిలబడేవాళ్లు. బండి ఇంకా పూర్తిగా ఆగకముందే క్యాన్లని కిటికీ ఊచలకి బయటి వైపు కొక్కేలతో తగిలించేసేవాళ్లు. బండి కదిలితే అవన్నీ ఒకేసారి బోగీకి కొట్టుకునే చప్పుడు! ఆకుకూరల మోపులు జ్ఞానాపురం మార్కెట్‌కి. ఆ మోపుల నీళ్లతో గుమ్మమంతా బురద, అమ్మ చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని ఎక్కేది.

అట్ట టికెట్ గుర్తుందా ఎవరికైనా? బుకింగ్‌లో తేదీ మిషన్‌లో పెట్టి టక్‌మని కొట్టి ఇచ్చేవారు. నా దగ్గర ఇంకా రెండున్నాయి. ఒకదాని మీద "వాల్తేరు" అనే ఉంది, విశాఖపట్నం కాదు. మా అబ్బాయి అది వేరే ఊరనుకున్నాడు.

కేకే లైన్ పెద్దాయన
వైజాగ్ స్టేషన్‌కి ఆ పేరు 1987 దాకా ఉందమ్మా. ఆ టికెట్లు పారేయకండి.

స్ప్లెండర్ బాబాయ్
అందరూ రైల్వేనే తిడుతున్నారు గానీ, నిజం చెప్పుకుందాం. మనమే వదిలేశాం. నాకు ఆటోనగర్‌లో ఎనిమిదింటికి షిఫ్టు. బండి ఎనిమిదీ పావుకి దిగబెడితే సగం పూట జీతం కోత. మూడు నెలలు కోత చూశాక వాయిదాల మీద బైక్ కొన్నాను, పాస్ మానేశాను. నాతో ఎక్కే పదిమందిలో ఆరుగురు ఏడాదిలో అదే పని చేశారు. మిగిలినవాళ్లు షేర్ ఆటోలు, ఆర్టీసీ.

పెందుర్తి పాస్‌హోల్డర్
బాబాయ్, ఒప్పుకుంటాను. కానీ బైక్ లేనివాళ్ల సంగతి? 2020 మార్చిలో బళ్లన్నీ ఆగిపోయాయి. మళ్లీ వచ్చేటప్పటికి ప్యాసింజర్ కాస్తా "స్పెషల్" అయింది, పదికి బదులు కనీస ఛార్జీ ముప్పై. నా నెల పాసు చాలాకాలం చెల్లనే లేదు. 2024లో మళ్లీ పది చేశారు. ఈలోగా పాలవాడు ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాడు, ఆకుకూరలావిడ పెందుర్తిలోనే అమ్ముకుంటోంది. నాలుగేళ్లు వేరే దారి అలవాటైన మనిషి పది రూపాయలకి వెనక్కి వస్తాడా?

అలమండ వాడు
మా వైపు ఇంకో కారణం కూడా ఉంది. 2023 అక్టోబర్ 29 రాత్రి, కొత్తవలస దాటాక వచ్చే కంటకాపల్లి-అలమండ స్టేషన్ల మధ్య పలాస ప్యాసింజర్‌ని వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దింది. 14 మంది పోయారు. అవి మేం ఎక్కే బళ్లే. మా అమ్మ ఇప్పటికీ చివరి బోగీ ఎక్కనివ్వదు.

వీకెండ్ అరకు
మేం ప్రతి చలికాలం వెళ్తాం, 2017లో అద్దాల బోగీ పెట్టినప్పటి నుంచీ. సీట్లు దొరకవు! రష్ తగ్గిందని మీరెలా అంటున్నారు?

మర్రిపాలెం లక్ష్మి
ఆ రష్ అరకుది తమ్ముడూ, కొత్తవలసది కాదు. మీ కెమెరాలు శివలింగపురం దాటాక కదా బయటికొచ్చేది. కొత్తవలసలో మీరంతా నిద్రలో ఉంటారు :)

కేకే లైన్ పెద్దాయన
ఇంకో మాట. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన వాల్తేరు రైల్వే డివిజన్ విభజన ప్రకారం పలాస-విశాఖ-దువ్వాడ లైన్ కొత్త విశాఖపట్నం డివిజన్‌కి, కిరండూల్ వైపు వెళ్లే కొత్తవలస-బచేలి లైన్ రాయగడ డివిజన్‌కి. అంటే మన జంక్షన్ రెండు డివిజన్ల సరిహద్దు. నా సర్వీసంతా వాల్తేరు అనే ఒక్క డివిజన్ కిందే గడిచింది. ఉమ్మడి గోడ దగ్గర ఎవరు ఊడుస్తారన్న తగువు తెలుసు కదా, ప్యాసింజర్ బండి విషయంలో అదే నా భయం.

స్ప్లెండర్ బాబాయ్
అవన్నీ సరే గానీ, బుకింగ్ పక్కన మురీ మిక్చర్ అతను ఉన్నాడా ఇంకా? నిమ్మకాయ దగ్గర పిసినారితనం చూపించేవాడు కాదు.

పెందుర్తి పాస్‌హోల్డర్
ఉన్నాడు బాబాయ్. ఇప్పుడు బయట ఆటో స్టాండ్ దగ్గర పెట్టాడు. పొట్లం ఇరవై, మన టికెట్‌కి రెట్టింపు.