అప్‌డేట్: మా షెల్టీకి 'ఎక్సలెంట్' ఎందుకు రాలేదో అర్థమైంది

మా మగ షెట్లాండ్ షీప్‌డాగ్‌కి (షెల్టీ అంటే ఇదే) డాగ్ షోలో 'ఎక్సలెంట్' గ్రేడ్ కాకుండా 'వెరీ గుడ్' ఇచ్చారని, జడ్జి పొరబడ్డారేమో అని అడిగాను కదా. జడ్జి రాసిచ్చిన నివేదికను మళ్లీ చదవమని కొందరు చెప్పారు. చదివాను. పొరబడింది నేనే.

నేను బొచ్చు, ముఖం చూసి మురిసిపోయాను. ఎత్తు 38 సెంటీమీటర్లు. మగవాటికి ఆదర్శం 37 కాబట్టి ఇబ్బంది లేదు. చెవుల కొనలు ముందుకు చక్కగా వాలతాయి. లోపమంతా నడకలో ఉంది. 'భుజం నిటారు, ముందు అడుగు పొట్టి' అని నివేదికలో స్పష్టంగా ఉంది. షో వీడియోని స్లో మోషన్‌లో చూశాక నాకూ కనిపించింది. భుజం ఎముక తగినంత వెనక్కి వాలి ఉండకపోతే ముందు కాలు దూరం చాచలేదు. తక్కువ శ్రమతో ఎక్కువ నేల దాటడమే గొర్రెలు కాసే కుక్కకి ప్రాణం, అందుకే జడ్జి అక్కడ రాజీ పడలేదు.

గ్రేడ్ ఇచ్చేటప్పుడు పక్క కుక్కతో కాదు, జాతి ప్రమాణంతో, అంటే ఆ జాతి కుక్క ఎలా ఉండాలో చెప్పే వివరణతో, పోలుస్తారట. స్థానాలు ఆ తర్వాతే. ఇది ముందే తెలిసుంటే అంత టెన్షన్ పడేదాన్ని కాదు.

నేను మరీ నెమ్మదిగా నడిపించడంతో వాడు కాసేపు పేసింగ్ కూడా చేశాడు, అంటే ఒకే వైపు కాళ్లు రెండూ కలిపి వేశాడు. అది సాధనతో సరిచేస్తాను. భుజం మాత్రం మారదు. బ్రీడింగ్ ఆలోచన వస్తే, భుజం బాగున్న ఆడ షెల్టీతోనే.