గురువుగా ఉంటూ గ్యాడ్జెట్ రివ్యూలు: కంపెనీ పంపిన వస్తువు తీసుకోవచ్చా?

తీరం ఫాదర్

అందరికీ నమస్కారం. నరసాపురం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్లలో ఒకదానికి నేను విచారణ గురువుని, అంటే అక్కడి కతోలిక చర్చిని చూసుకునే ఫాదర్‌ని. మాది ఏలూరు మేత్రాసనం (బిషప్ గారి పరిధి). యూట్యూబ్‌లో చిన్న చానల్ నడుపుతున్నాను. పవర్ బ్యాంకులు, బ్లూటూత్ స్పీకర్లు, మైకులు, పెద్దవాళ్లకి పనికొచ్చే ఫోన్లు కొన్నాళ్లు వాడి, ఎలా ఉన్నాయో చెబుతాను. ఇప్పటివరకూ చూపించినవన్నీ నాకొచ్చే అలవెన్సుతో కొన్నవి, లేదంటే ఊళ్లో ఎవరో కొనుక్కుని "ఓసారి చూసి చెప్పండి ఫాదర్" అని తెచ్చిచ్చినవి.

ఎందుకు చేస్తున్నానంటే, తెలుగులో ఫోన్ రివ్యూలకి కరువు లేదు గానీ మా ఊరి మనిషి వాడకం వాటిలో కనపడదు. ఇక్కడ గాలిలోనే ఉప్పుంటుంది. ఛార్జింగ్ పిన్నులు పచ్చబడిపోతాయి. గాలివానొస్తే కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. చెరువులో దిగేవాళ్లు, వేటకెళ్లేవాళ్లు పెట్టె మీద ఐపీ68 (దుమ్మూ నీళ్లూ లోపలికి పోవని చెప్పే రేటింగ్) అని చూసి, నీళ్లలో పడినా ఏమీ కాదని ధైర్యంగా ఉంటారు. ఆ పరీక్ష మంచినీళ్లలో చేస్తారని, ఉప్పునీటికి ఆ హామీ వర్తించదని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

పవర్ బ్యాంకు సంగతి చూడండి. పైన పెద్ద అక్షరాల్లో 10000 ఎంఏహెచ్ అని ఉంటుంది. అది లోపలున్న సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. అంటే 37 వాట్ అవర్లు. ఫోన్‌కి 5 వోల్టులు పంపాలి కాబట్టి కాగితం మీదే 7400కి దిగుతుంది. వేడికీ సర్క్యూట్‌కీ పోయేది పోగా, మంచి కంపెనీదైనా చేతికొచ్చేది 6000 పైచిలుకు. వెనకవైపు చిన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని ఈ సంఖ్య కూడా వేస్తారు, కాబట్టి మోసమనలేం. కానీ 5000 బ్యాటరీ ఉన్న ఫోన్ రెండుసార్లు నిండుతుందని లెక్కేసుకుని పడవెక్కే కుర్రాడికి ఆ చిన్న అక్షరాలు చదివి చెప్పాల్సింది ఎవరు? అలాగే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరుంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారుచేసిన వాళ్ల పేరు వస్తుంది. ఈ సంగతి చెప్పిన ఒక్క వీడియో చూసి సంతలో కొన్న పవర్ బ్యాంకులు పట్టుకుని చాలామంది మా ఇంటికొచ్చారు. కొన్నిటి మీద అసలు నంబరే లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఒక కంపెనీ వాళ్లు మెయిల్ పెట్టారు. ఒక ఫోను, ఇయర్‌బడ్స్ ఉచితంగా పంపిస్తారట, తిరిగి ఇవ్వక్కర్లేదట. వీడియో పెట్టేముందు మాత్రం ఒకసారి వాళ్లకి చూపించాలట. ఈ సంగతి తెలిసి మా విచారణ (చర్చి) సంఘంలో ఒక పెద్దాయన, "పీఠం దగ్గర నిలబడే మనిషి సరుకు చేత్తో పట్టుకుని చూపించకూడదు ఫాదర్" అన్నారు. ఆయన కోపంగా అనలేదు, బాధపడుతూ అన్నారు. అందుకే ఆ మాటని పక్కకి నెట్టలేకపోతున్నాను.

నేను గురువుల అంగీ వేసుకుని వీడియోలు చెయ్యను. అయినా నేనెవరో మా వైపు అందరికీ తెలుసు. తోటి గురువులు, టాక్స్ సంగతులు తెలిసినవాళ్లు, మామూలుగా చూసేవాళ్లు, అందరూ మీ అభిప్రాయం చెప్పండి.

పాత విచారణ

ఫాదర్, నేను మీకంటే చాలా ముందు గురువుగా అభిషేకం పొందినవాణ్ణి. మీ మైకు వీడియో చూశాను. బ్లూటూత్ మైకుని గుడి ఆంప్లిఫయర్‌కి తగిలిస్తే నోటి మాటకీ స్పీకర్ మాటకీ మధ్య ఎంత తేడా వస్తుందో బాగా చూపించారు. సెకనులో ఐదో వంతు ఆలస్యమైనా చాలు, చదివేవాళ్లు తడబడిపోతారు. మా గుడిలో సువార్తకి ముందు పఠనం చదివే అమ్మాయి తన గొంతే వెనక నుంచి వినపడి ఆగిపోయేది. ఆ పిల్లకి భయమనుకున్నాం. మీ వీడియో చూశాక వైరు మైకు పెట్టించాం, ఇప్పుడు చక్కగా చదువుతోంది. గురువు చెయ్యాల్సిన పని కాదని దీన్ని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

యంత్రాల జోలికి గురువులు వెళ్లడం కొత్తేమీ కాదు. ఐర్లండ్‌లో మేనూత్ గురువిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఫాదర్ నికలస్ కాలన్ 1836లో ఇండక్షన్ కాయిల్ తయారుచేశారు. బ్రెజిల్‌లో ఫాదర్ లాండెల్ డి మౌరా 1900లో తీగ లేకుండా మాటని పంపి చూపించారు. వాటికన్ రేడియోని 1931లో మార్కోని చేత కట్టించినది పోపు గారే. రెండో వాటికన్ మహాసభ 1963లో సమాచార సాధనాల మీద ప్రత్యేకంగా పత్రమే ఇచ్చింది.

ఇబ్బంది డబ్బు దగ్గరొస్తుంది. శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 286వ కానన్ ప్రకారం, అధికారుల అనుమతి లేకుండా గురువు వ్యాపారం చెయ్యకూడదు. సొంతానికైనా, వేరేవాళ్ల లాభానికైనా, తనే చేసినా, ఇంకొకళ్ల చేత చేయించినా అంతే. "వేరేవాళ్ల లాభానికి" అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. మీకు రూపాయి రాకపోయినా, మీ నోటితో వాళ్ల సరుకు అమ్ముడుపోతే అది దేని కిందికొస్తుంది? వస్తువు గురించి ఉన్నదున్నట్టు చెప్పడం వ్యాపారమని నేననను. కొనడానికి లింకు పెట్టి కమీషన్ తీసుకుంటే మాత్రం నాకు వ్యాపారం లాగే కనపడుతుంది. 282వ కానన్ నిరాడంబరంగా బతకమంటుంది. మనం సన్యాస సభల గురువుల్లాగా పేదరికం మాటపట్టు ఇచ్చినవాళ్లం కాము, అయినా నెలకో కొత్త ఫోను చేతిలో కనపడితే కూలికెళ్లొచ్చి కానుక వేసే మనిషికి ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు.

మీ పెద్దాయన మాటలో సగంతో నేను ఏకీభవిస్తాను. గుడి లోపల మాత్రం చిత్రీకరణ వద్దు. పవిత్ర స్థలంలో ఆరాధనకి పనికొచ్చేవే ఉండాలని 1210వ కానన్ చెబుతోంది. మేత్రాణుల (బిషప్) వారికి ఒక ఉత్తరం రాసి, అనుమతి కాగితం మీద తీసుకోండి. ముందుగా చూపించమన్న షరతుకి మాత్రం మారుమాట లేకుండా వద్దనండి. మీ మాట దిద్దే హక్కు అమ్మేవాడికి ఇచ్చాక ఆ మాటతో ఎవరికీ పనుండదు.

వెనామి గట్టు

ఫాదర్ గారూ, మాది భీమవరం దగ్గర. నేను మీ మతం వాణ్ణి కాదండి, కానీ మీ వీడియోలన్నీ చూస్తాను.

ఒక సంగతి చెప్పాలండి. కరెంటు పోతే మన నంబరుకి ఫోన్ చేసే సిమ్ డబ్బా ఉంటుంది కదా, రొయ్యల చెరువుల దగ్గర అందరం పెడుతున్నాం. తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే టైముకి ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే, మనం లేచి జనరేటర్ వేసే లోపే రొయ్య తేలిపోద్ది. ఒక కౌంటుకి, అంటే అమ్మే సైజుకి వచ్చిన పంట మొత్తం ఆ డబ్బా మోగడం మీద ఆధారపడి ఉంటుంది. మా బావమరిది ఒకటి కొన్నాడు. ఏం చూసి కొన్నావురా అంటే "ఫాదర్ గారు వీడియోలో చేత్తో పట్టుకున్నారు" అన్నాడు. మీరు దాన్ని బాగుందని అనలేదండి, నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. వేరే వస్తువు గురించి చెబుతుంటే బల్ల మీద ఉంది, పక్కకి తీసి పెట్టారు. అంతే. దానికే కొనేశాడు.

ఆ డబ్బాలో సిమ్‌కి రీఛార్జ్ అయిపోతే మోగదు. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోతే మోగదు. కరెంటుతో పాటు టవర్ కూడా పడిపోతే మోగదు. ఇవేవీ మావాడు అడగలేదు. ఇంకెవరి వీడియో చూసినా నాలుగు ప్రశ్నలు అడిగేవాడే, మీ చేతిలో చూశాక అడగబుద్ధి కాలేదు. కాబట్టి అంగీ తీసేసి చేసినా వేసుకుని చేసినా మాకు ఒకటేనండి. మానెయ్యమని అనట్లేదు. ఆ డబ్బాని సరిగ్గా పరీక్ష చేసి, ఎప్పుడెప్పుడు మోగదో చెప్పమని అడుగుతున్నాను. మా చెరువు దగ్గరే చెయ్యండి, కరెంటు నేనే తీసి చూపిస్తాను.

తణుకు ఆడిటర్

చట్టం వరకే చెబుతాను. కంపెనీ ఉచితంగా ఇచ్చిన వస్తువు గురించి మాట్లాడితే ఆ సంగతి చూసేవాళ్లకి స్పష్టంగా చెప్పి తీరాలి. 2023 జనవరిలో కేంద్రం ఇచ్చిన సూచనల్లో ఉంది. వీడియో తెలుగులో ఉంటే ఆ మాట కూడా తెలుగులోనే ఉండాలి, కింద డిస్క్రిప్షన్‌లో దాచిపెడితే కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రచారమని తేలితే 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా.

టాక్స్ వైపు, 2022 జూలై 1 నుంచి 194ఆర్ పేరుతో అమల్లోకి వచ్చిన నిబంధన ఉంది. ఏడాదిలో 20,000 దాటిన విలువున్న వస్తువు ఇస్తే ఇచ్చేవాళ్లు 10 శాతం టీడీఎస్ (ఇచ్చేటప్పుడే కట్టాల్సిన పన్ను) చూడాలి. వాడి తిరిగి పంపేస్తే అది లాభం కింద రాదని ఆదాయపు పన్ను శాఖ వివరణ ఇచ్చింది. కాబట్టి తిరిగి పంపడమే మీకు అన్ని విధాలా సుఖం.

మొగల్తూరు

ఇవన్నీ సరే ఫాదర్. వీడియో తీసేటప్పుడు ఎవరికైనా అవస్థాభ్యంగం (జబ్బుపడినవాళ్లకి నూనె రాసి చేసే సంస్కారం) ఇవ్వాల్సొచ్చి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు? మా విచారణలో ఒక గురువు ఫోన్ ఎత్తక మా నాన్న దివ్యసంస్కారాలు లేకుండానే పోయాడు. ఆయన వీడియోలు చేసేవాడు కాదు, అయినా అడుగుతున్నాను.

పాలకొల్లు టీచర్

నేను మాత్రం మానొద్దనే అంటానండి. మా అత్తగారికి చూపు మందగించింది, చెవి కూడా అంతంతే. జపమాల, పూజ ఫోన్లోనే వింటారు. షాపుకెళ్తే కెమెరా గురించి చెబుతారు, గేముల గురించి చెబుతారు. అక్షరాలు ఎంత పెద్దవవుతాయి, స్పీకర్ ఎంత గట్టిగా వినపడుతుంది, తడి చేత్తో ముట్టుకుంటే పనిచేస్తుందా అని మీరొక్కరే చూశారు. వీడియోలో ఒక ముసలమ్మ గారి చేతికే ఫోనిచ్చి, ఆవిడ ఎక్కడ తికమకపడుతున్నారో కెమెరాకి చూపించారు చూడండి, అది చూసే మేం ఫోన్ ఎంచుకున్నాం. టాక్‌బ్యాక్ (తెర మీదున్నది ఫోనే చదివి వినిపించే సదుపాయం) తెలుగులో ఎలా పెట్టుకోవాలో కూడా ఒకటి చెయ్యండి, దయచేసి.

తీరం ఫాదర్

అందరికీ కృతజ్ఞతలు. ముందుగా మొగల్తూరు వారికి. మీ నాన్నగారి ఆత్మకోసం రేపటి పూజలో ప్రార్థిస్తాను. పేరు నాకు విడిగా పంపండి. రికార్డింగ్ నడుస్తున్నా ఫోన్ మోగితే ఎత్తుతాను. ఆ ఫోన్ నేను పరీక్ష చేసే ఫోన్లలోది కాదు, అందరి దగ్గరా ఉన్న పాత నంబరే. శని, ఆదివారాల్లో కెమెరా ముట్టుకోను.

కంపెనీకి వద్దని రాసేశాను. ఇకమీదట ఎవరైనా పంపాలంటే అరువుగా పంపాలి, వాడి వెనక్కి పంపిస్తాను, ఆ మాట వీడియో మొదట్లోనే తెలుగులో చెబుతాను. ముందుగా చూపించడం ఉండదు, కొనే లింకులూ ఉండవు. యూట్యూబ్ ప్రకటనల డబ్బు సంగతి మేత్రాణుల వారు తేల్చేదాకా ఆపేశాను. పెద్ద ఫాదర్ గారు చెప్పినట్టు ఉత్తరం రాశాను. గుడి లోపల చిత్రీకరణ ఉండదు, మైకు పరీక్షలు ఇకనుంచి పాఠశాల హాల్లోనే.

వెనామి రైతుగారి ఉత్తరం మాత్రం చాలాసేపు చదివాను. ముట్టుకున్నందుకే కొన్నారంటే, బల్ల మీద ఏముందో కూడా నేను చూసుకోవాలి. చెప్పబోయే వస్తువు తప్ప ఇంకేదీ కనపడకుండా చేస్తాను. జీవనం ఆధారపడిన వస్తువులకి "కొనుక్కోండి" అన్న మాట నా నోటి నుంచి రాదు. ఎక్కడ ఆగిపోతుందో చూపిస్తాను, నిర్ణయం చెరువు ఉన్నవాళ్లది.

టీచరమ్మా, టాక్‌బ్యాక్ వీడియో తప్పకుండా చేస్తాను. అత్తగారిది ఏ ఫోనో చెప్పండి, మెనూలు అందరికీ ఒకలా ఉండవు.

రైతుగారూ, సిమ్ డబ్బా మీ చెరువు దగ్గరే పెడదాం. ఏ నెట్‌వర్క్ సిమ్ వేశారో, మీకు దగ్గరలోని టవర్‌కి జనరేటర్ ఉందో లేదో కనుక్కుని ఇక్కడే రాయండి. రెండు వేరే నెట్‌వర్కులతో రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో రీఛార్జ్ అయిపోయిన సిమ్ వేసి చూద్దాం. మెయిన్ తీసి అలాగే వదిలేసి, లోపలి బ్యాటరీ ఎన్ని గంటలు నిలబడుతుందో కూడా రాసుకోవాలి. గాలివానలు మొదలయ్యే లోపే అయితే మంచిది. ఈలోగా మీ బావమరిదిగారిని ఆ డబ్బాలో సిమ్ వాలిడిటీ ఎప్పటిదాకా ఉందో ఈరోజే చూసుకోమనండి.