సర్వీసు అయ్యాక పికప్ పోయింది, టర్బో మార్చమంటున్నారు. మార్చాలా?

తిరుచానూరు డీజిల్:
2014 ఎర్టిగా, 1.3 డీజిల్ ఇంజిన్. ఇక్కడే ఒక షెడ్డులో ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్పించి ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపేది) క్లీన్ చేయించా. ఆ రోజు నుంచే పికప్ లేదు. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, ఊళ్ళో తిరిగితే పెద్దగా తేడా తెలియదు. అలిపిరి దాటి కొండ ఎక్కడం మొదలుపెట్టగానే, ఆరుగురితో, సెకండ్ గేరు వదలలేకపోయా. వెనక నల్ల పొగ. ఇంజిన్ లైటు మాత్రం వెలగలేదు. షెడ్డువాళ్ళేమో టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) పోయింది, మా పనికీ దానికీ సంబంధం లేదు అంటున్నారు. మీరేమంటారు?

పలమనేరు డ్రైవర్:
వాళ్ళ మాట అంత తేలిగ్గా తోసెయ్యొద్దన్నా. పదేళ్ళు దాటిన బండి. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతుంది, దానికి ఆధారం సన్నటి ఆయిల్ పొర. ఎప్పుడైనా ఆయిల్ మార్చడం ఆలస్యమై ఉంటే బేరింగులు అప్పుడే అరిగుంటాయి, సర్వీసు నాడు బయటపడిందంతే. మొగిలి ఘాట్‌లో ఇట్లా చతికిలబడిన బండ్లు బోలెడు చూశా. మార్చేస్తే టెన్షన్ ఉండదు.

కొండకింద మెకానిక్:
నేను ఒప్పుకోను సామీ. టర్బో అరిగితే సాధారణంగా ముందే తెలుస్తుంది. ఆయిల్ తగ్గుతుంది, నీలం పొగ వస్తుంది, విజిల్ శబ్దం మారుతుంది. షెడ్డు గేటు దాటగానే పికప్ పోయిందంటే ముందు చెయ్యి పడిన చోట వెతకాలి. ఫిల్టర్ మార్చేటప్పుడు లోపలికి వచ్చే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ కనెక్టర్ కదులుతుంది. కొందరు ఆ సెన్సర్‌కు కంప్రెసర్ గాలి కొడతారు, అంతటితో అది పాడైపోతుంది. ఈజీఆర్ తీయాలంటే పక్కనున్న హోసులు, పైపులు జరపాల్సిందే. అవన్నీ మళ్ళీ సరిగ్గా కూర్చున్నాయా?

మీరు చెప్పిన నల్ల పొగే పెద్ద ఆధారం. ఫిల్టర్ దగ్గర గాలిని కొలిచి, దాన్ని బట్టి కంప్యూటర్ డీజిల్ ఇస్తుంది. టర్బో దాటాక, ఆ వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ హోసు దగ్గర లీకైతే కొలిచిన గాలి సిలిండర్‌కు చేరదు, డీజిల్ మాత్రం పడుతూనే ఉంటుంది. పూర్తిగా కాలని డీజిలే ఆ పొగ. అదే సెన్సర్‌కూ టర్బోకూ మధ్య లీకైతే కథ వేరు: గాలి తక్కువ వస్తోందనుకుని డీజిల్ తగ్గిస్తుంది, పొగ రాదు, బండి లాగదు.

ఇంకోటి. మీది 90 హార్స్‌పవర్ ఇంజిన్, వీజీటీ టర్బో, అంటే లోపలి రెక్కల కోణం మారే రకం. దాని రెక్కలను కదిపేది వాక్యూమ్. ఆ సన్న పైపు ఊడితే రెక్కలు తెరుచుకునే ఉండిపోయి కింది ఆర్‌పీఎంలో బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) రాదు. టర్బోకు ఏ రోగమూ ఉండదు, బండి మాత్రం లాగదు.

గుడిపాల:
కొండ మీద గాలి పలచన కదా, దానివల్ల కాదా?

కొండకింద మెకానిక్:
తిరుపతి నుంచి తిరుమల ఎత్తుకు పోతే గాలి ఒత్తిడి తగ్గేది పదో వంతు లోపే. టర్బో బండికి అదొక లెక్క కాదు. పైగా ఈయనకు కింద, అలిపిరి దాటగానే మొదలైంది. సర్వీసుకు ముందు ఎక్కిన కొండే కదా ఇది!

రేణిగుంట:
ఈజీఆర్ బ్లాక్ చేసేయండి, పీడా పోతుంది.

కొండకింద మెకానిక్:
పొల్యూషన్ కోసం పెట్టిన భాగం అది, మూసేయడం చట్టప్రకారం తప్పు. కాకపోతే క్లీన్ చేసి బిగించాక వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా నల్ల పొగ, నీరసం రెండూ వస్తాయి. అదీ చూడాలి.

పలమనేరు డ్రైవర్:
పొగ సంగతి సరే. కానీ వీజీటీ రెక్కలు మసి పట్టి బిగుసుకున్నా ఇట్లాగే ఉంటుంది కదన్నా. ఈజీఆర్‌ను క్లీన్ చేయాల్సినంత మసి ఉన్న ఇంజిన్‌లో రెక్కలు మాత్రం తళతళలాడతాయా? హోసులు బిగించి సరిపెట్టుకుంటే మళ్ళీ ఘాట్ మధ్యలో ఫ్యామిలీతో నిలబడాలి.

కొండకింద మెకానిక్:
ఆ అనుమానం న్యాయమైనదే. కానీ రెక్కలు బిగుసుకుంటే విప్పి క్లీన్ చేయొచ్చు, అప్పుడు కూడా కొత్త టర్బో ఆఖరి దారే. ముందు బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టించండి. ఇంజిన్ ఆపి కీ ఆన్ చేస్తే బూస్ట్ సెన్సర్ రీడింగు సుమారు 1000 మిల్లీబార్ దగ్గర ఉండాలి. తర్వాత థర్డ్ గేరులో ఫుల్‌గా తొక్కి, కంప్యూటర్ అడిగిన బూస్ట్ ఎంత, వచ్చింది ఎంత చూడాలి. తక్కువ వస్తే హోసుల్లో గాలి నింపి జాయింట్ల మీద సబ్బు నీళ్ళు పోయించండి. అక్కడ ఏమీ దొరకకపోతేనే హోసు విప్పి టర్బో షాఫ్ట్‌ను వేలితో కదపాలి. పక్కలకు కొద్దిగా ఊగితే భయం లేదు. ముందుకూ వెనక్కూ ఆడినా, షాఫ్ట్ చివరి చక్రం టర్బో గోడకు రాసుకున్నా మాత్రం పలమనేరు అన్న గెలిచినట్టే. స్కానర్ కూడా పెట్టకుండా టర్బో పోయిందని తేల్చిన షెడ్డుకు ఆ పని మళ్ళీ ఇవ్వకండి.

తిరుచానూరు డీజిల్:
కనెక్టర్లు అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఇంటర్‌కూలర్ హోసు క్లిప్పు దగ్గర మాత్రం ఆయిల్ తడి కనిపిస్తోంది. లీకంటే ఇదేనా?

పలమనేరు డ్రైవర్:
కాస్త తడి ఏ టర్బో బండికైనా ఉంటుందన్నా. పాత జిడ్డేమో చూసుకో.

కొండకింద మెకానిక్:
శుభ్రంగా తుడిచేయండి. కొండెక్కే పనిలేదు, చంద్రగిరి వైపు హైవే మీద థర్డ్ గేరులో రెండు మూడు సార్లు లాగి వచ్చి బానెట్ ఎత్తండి. మళ్ళీ కొత్త తడి ఉంటే క్లిప్పు విప్పి, హోసు అంచు చిరిగిందా, పూర్తిగా లోపలికి ఎక్కలేదా చూసి ఫోటో పెట్టండి.