మట్టి కాదన్న గేయంలో చెట్టు ఎక్కడ మొలిచింది?

గాజువాకలో తెలుగు పాఠం చెప్పే సోదరి ఒకరు మొన్న ఈ చర్చలో ఒక ప్రశ్న ఉంచారు. గురజాడ అప్పారావు గారి 'దేశభక్తి' గేయం చెబుతుండగా తొమ్మిదో తరగతి పిల్లవాడు లేచి, "దేశమంటే మట్టి కాదన్నారు, చివరికి వచ్చేసరికి దేశాన్ని చెట్టు అన్నారు, మట్టి లేకుండా చెట్టు ఎక్కడ నిలుస్తుంది టీచర్?" అని అడిగాడట. కవిత్వంలో అంత తర్కం వెతకకూడదని మనలో కొందరు జవాబిచ్చారు. ఆ జవాబు నాకు సమ్మతంగా లేదు. ఆ పిల్లవాడు చెట్టును నిజంగా కళ్ళ ముందు నిలుపుకొని చూశాడు కనుకనే దాని కింద ఏముందో అడగగలిగాడు, కవి పదచిత్రాన్ని అంతకంటె గౌరవించే పద్ధతి మరొకటి ఉందని నేను అనుకోను.

నాకు ఈ ప్రశ్న మరో కారణంగా కూడా దగ్గరగా తోచింది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలను చూస్తూ పెరిగినవాణ్ణి కనుక, 'మట్టి కాదోయ్' అన్న మాట చిన్నతనంలో నన్ను కొంచెం నొప్పించేది. మా కవి, ఎలమంచిలి పక్కన రాయవరంలో పుట్టి విజయనగరంలో బతికినవాడు, ఈ నేలను కాదన్నాడా అని అనిపించేది. ఆ రెండు పాదాలనే విడిగా వినడం వల్ల అలా అనిపించిందని చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. సభల్లోనూ గోడల మీదా మనకు కనిపించేవి ఆ రెండు పాదాలే, వాటిని మోస్తున్న పై రెండు పాదాలు మాత్రం ఎక్కడో జారిపోతాయి. చరణం మొత్తం ఇది:

స్వంత లాభం కొంత మానుకు
పొరుగువాడికి తోడుపడవోయ్
దేశమంటే మట్టి కాదోయ్
దేశమంటే మనుషులోయ్

పొరుగువాడికి ఎందుకు తోడుపడాలో చెప్పడానికి వచ్చిన కారణమే 'మట్టి కాదోయ్' అన్న మాట. నేలను తక్కువ చేయడం అక్కడ కవి ఉద్దేశంలో లేదు. దేశానికి మొక్కుతూ పక్కింటివాణ్ణి మరచిపోయే మనిషిని పట్టుకొని, నీవు ప్రేమిస్తున్నానంటున్న దేశం ఆ పక్కింట్లోనే ఉందయ్యా అని చూపిస్తున్నాడు. 'కొంత' అన్న చిన్న మాటను కూడా గమనించాలి. స్వలాభాన్ని పూర్తిగా వదులుకోమని ఆయన అడగలేదు. మనిషి ఎంతవరకు చేయగలడో తెలిసినవాడు అడిగే తీరు అది.

ఇక్కడ గొంతు సంగతి వస్తుంది. ఈ గేయమంతా గద్దింపేనని నిన్న ఒక మాస్టారు వాదించారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది గాని ఈ విషయంలో ఏకీభవించలేను. గేయం మొదట్లోని రెండు పాదాలు 'ప్రేమించుమన్నా', 'పెంచుమన్నా' అని ముగుస్తాయి. అది 'ప్రేమించుము అన్నా' అనే పిలుపు. ప్రేమించమని చెప్పాను అనే అర్థంలో పిల్లలు దీన్ని తరచుగా పొరబడతారు కనుక పాఠం చెప్పేవారు ముందే విడదీసి చూపడం మంచిది. అన్నా అని పిలిచి చనువు సంపాదించిన తరువాతనే ఆయన 'ఓయ్'లోకి దిగాడు. మన ఊళ్ళో 'ఏటోయ్, ఇలాగొచ్చావు' అన్న మాటలో కోపం ఉండదు. 'ఒరే' అంటే కిందికి చూసినట్లు, 'అండీ' అంటే దూరం జరిగినట్లు ఉండే చోట, 'ఓయ్' భుజం మీద చెయ్యి వేసినట్లు ఉంటుంది. అది మగవాళ్ళ మధ్య చనువు మాట కావడం వల్ల ఆడపిల్లలను ఆ పిలుపు తాకకుండా పోతుందన్నది నిజమే, పాఠం చెప్పేటప్పుడు ఆ సంగతి దాచనక్కరలేదు. గద్దింపు లేదని కూడా నేను అనను. 'వొట్టి గొప్పలు చెప్పుకోకోయ్' అన్నప్పుడు అది ఉంది. 1905 నాటి బెంగాల్ విభజనతో మొదలైన స్వదేశీ ఉద్యమం ఆంధ్ర ప్రాంతానికీ పాకింది, 1907లో బిపిన్ చంద్ర పాల్ ఉపన్యాసాలు ఇక్కడి యువకులను ఊపివేశాయి. ఆ వేడి తరువాత, 1910లో రాసిన గేయం ఇది. ఉపన్యాసాలు విని చప్పట్లు కొట్టినవాణ్ణి, సరే, ఇంటికి వెళ్ళి ఏం చేశావు అని అడగడానికి ఆ మాత్రం కటువు అవసరమైంది.

ఇక పదచిత్రాల వరుస. చెట్టు రాకముందు ఈ గేయంలో దేశం ఒక శరీరం. 'తిండి కలిగితే కండ కలదోయ్' అనడంతో ఆ శరీరం కనిపిస్తుంది, 'ఈసురోమని మనుషులుంటే' అన్నప్పుడు అది సోలిపోతుంది, తరువాత ఈ పాదాలు వస్తాయి:

ఓర్వలేమి పిశాచి దేశం
మూలుగులు పీల్చేసెనోయ్

ఈ 'మూలుగులు' దగ్గర చాలామంది పొరబడటం చూశాను. బాధతో చేసే మూలుగు అని అర్థం చెప్పుకుంటే 'పీల్చేసెను' అన్న క్రియ అతకదు, ఎందుకంటే శబ్దాన్ని ఎవరూ పీల్చలేరు. ఎముకలోని మజ్జను మన ఇళ్ళల్లో మూలుగ అంటాం, మాంసం వండిన రోజున మూలుగ ఎముక కోసం పిల్లలు పోటీ పడతారు. అసూయ అనే పిశాచి దేశం ఎముకల్లోని ఆ మూలుగను పీల్చేసిందని కవి మాట. కండ పోతే తిండి పెట్టి పెంచవచ్చు, మూలుగ పోయిన ఎముక లోపల డొల్ల అవుతుంది. ఈ గేయంలో పరాయి పాలకుల కంటె ముందు మన ఓర్వలేనితనమే శత్రువుగా కనబడటం నన్ను ఇప్పటికీ కలవరపరుస్తుంది.

ఆ శరీరమే చివరి రెండు చరణాల్లో చెట్టు అవుతుంది:

దేశమనియెడి దొడ్డ వృక్షం
ప్రేమలను పూలెత్తవలెనోయ్
నరుల చమటను తడిసి మూలం
ధనం పంటలు పండవలెనోయ్

'ప్రేమలను పూలు' అంటే ప్రేమలు అనే పూలు. 'చమటను తడిసి' అంటే చెమటతో తడిసి. పిశాచి పీల్చుకున్నది లోపలి మూలుగను, మనుషులు తిరిగి పోస్తున్నది చెమటను, అది చేరుతున్నది మూలానికి. మూలుగ, మూలం అన్న మాటలకు వ్యుత్పత్తి సంబంధం ఉందని నేను అనడం లేదు, చెవికి మాత్రం అవి ఒకదాన్నొకటి పిలుస్తున్నాయి. కవి ఈ చెట్టుకు వాన గురించి చెప్పలేదు, ఏటి నీరు గురించీ చెప్పలేదు.

ఇక్కడే గొంతు కూడా మారిందన్నది మాస్టారికి నా ముఖ్యమైన మనవి. పాటుపడవోయ్, చూపవోయ్, నేర్చవోయ్ అని ఎదుటివాడికి చెప్పిన క్రియలు పోయి, పూలెత్తవలెను, పండవలెను, పలకవలెను అనే కోరికలు మిగిలాయి. ఛందస్సు కూడా దీనికి సాక్ష్యం చెబుతుంది. ఈ గేయం నడిచే ముత్యాలసరం అనే ఛందస్సులో మొదటి మూడు పాదాలకు మూడు, నాలుగు, మూడు, నాలుగు చొప్పున 14 మాత్రలు ఉంటాయి, నాలుగో పాదం తగ్గవచ్చు. 'దేశమంటే మట్టి కాదోయ్' నిండుగా 14 మాత్రలు, 'దేశమంటే మనుషులోయ్' 12 మాత్రలు. మనుషుల దగ్గర రెండు మాత్రల ఖాళీ వదిలి కవి మనల్ని ఆగనిచ్చాడు. చాలా చరణాల ముగింపులో ఈ ఆగడం వినిపిస్తుంది. చివరి రెండు చరణాల్లోనైతే నాలుగో పాదం కూడా 14 మాత్రలూ నిండి ప్రవహిస్తుంది. గద్దించేవాడి ఊపిరి అలా సాగదు.

ఆకులందున అణగిమణగీ
కవిత కోవిల పలకవలెనోయ్
పలుకులను విని దేశమందభి
మానములు మొలకెత్తవలెనోయ్

ఇంతసేపూ ఎదురుగా నిలబడి మాట్లాడినవాడు ఇప్పుడు ఆకుల్లోకి తప్పుకున్నాడు. కోయిల కనిపించదు, పలుకు మాత్రం వినిపిస్తుంది. ఇంత ఒదిగిన స్థానం తన కవితకు తానే ఇచ్చుకోవడం చూస్తే నాకు ఆయన మీద ఎంతో ప్రేమ కలుగుతుంది.

సోదరి గారూ, మీ విద్యార్థికి జవాబు ఆఖరి పాదాల్లో ఉందని నా నమ్మకం. 'దేశమందు అభిమానములు' అంటే మొదటి అర్థం దేశం మీద ప్రేమ అనే. అయితే 'మొలకెత్తు' అన్న క్రియ పక్కన చేరగానే 'దేశమందు' అన్న మాట ఒక చోటును కూడా చెప్పడం మొదలుపెడుతుంది, మొలక ఎక్కడో ఒకచోట నేలను చీల్చుకొని రావాలి కదా. పైగా 'అభిమానములు' అన్న మాట పాదం చివర 'అభి' దగ్గర విరిగి, కింది పాదంలో తల ఎత్తుతుంది. ముందు చరణంలో చెట్టుగా ఉన్న దేశం ఇక్కడ విత్తనం పడే నేల అయింది. దేశమంటే మనుషులు అని ముందే చెప్పాడు కనుక ఆ నేల కూడా మనుషులే. చెట్టు ఎక్కడ నిలిచిందని ఆ బాబు మళ్ళీ అడిగితే, తన పక్క బెంచీలో కూర్చున్నవాణ్ణి చూపించండి.